ఒట్టి ‘గిట్ పుష్’ కొడితే ఏ బ్రాంచ్ ఎక్కడికి వెళ్తుంది?

ప్రోగ్రాముల కోడ్‌లో జరిగే మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనమైన గిట్‌ను వాడేవారు రోజూ కొట్టే కమాండ్లలో ‘గిట్ పుష్’ ఒకటి. ఆ రెండు మాటల తరువాత ఇంకేమీ రాయకుండా ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుందని అడిగితే మాత్రం, ఏళ్ల తరబడి వాడుతున్నవారి నుంచి కూడా వేర్వేరు జవాబులు వస్తాయి. ఇప్పుడు పని చేస్తున్న బ్రాంచ్ (అంటే ఒక పని పాయ) ఒక్కటే వెళ్తుందని ఒకరు, అన్ని బ్రాంచ్‌లూ వెళ్తాయని మరొకరు, అసలేదీ వెళ్లదు, ఎర్రర్ వస్తుందని ఇంకొకరు చెబుతారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి కంప్యూటర్‌లో జరిగినది వారు చెబుతున్నారు. గిట్ వెర్షన్‌ను బట్టి, కాన్ఫిగ్ ఫైలులో ఉన్న ఒక్క వరుసను బట్టి, ఆ బ్రాంచ్‌ను మొదట ఎలా తయారుచేశారన్నదాన్ని బట్టి ఈ మూడు జవాబులూ నిజమే.

ఈ వ్యాసంలో కమాండ్లనూ సెట్టింగుల పేర్లనూ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో అవి ఆంగ్ల అక్షరాల్లోనే ఉంటాయి.

చెప్పకుండా వదిలేసిన మూడు సంగతులు

పుష్ అంటే మన కంప్యూటర్‌లోని రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోట) ఉన్న కమిట్‌లను, అంటే నమోదు చేసిన మార్పులను, మరొక రిపాజిటరీకి పంపి, అక్కడి బ్రాంచ్ పేరును ఆ కొత్త కమిట్ వైపు చూపేలా మార్చమని అడగడం. ఆ అవతలి రిపాజిటరీని రిమోట్ అంటారు; దాన్ని క్లోన్ చేసినప్పుడు, అంటే మన కంప్యూటర్‌లోకి నకలు తీసుకున్నప్పుడు, గిట్ దానికి తనంతట తానే ‘ఆరిజిన్’ అని పేరు పెడుతుంది. గిట్‌లో బ్రాంచ్ అనేది కమిట్‌ల సంచి కాదు, ఏదో ఒక కమిట్‌ను వేలుపెట్టి చూపే పేరు మాత్రమే. పుష్‌కు సంబంధించిన గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్లనే వస్తుంది.

కాబట్టి పుష్‌కు మూడు సంగతులు తెలియాలి: ఏ రిమోట్‌కు పంపాలి, మన వైపు ఏ బ్రాంచ్‌ను పంపాలి, అవతల ఏ పేరుతో పెట్టాలి. పూర్తిగా రాస్తే కమాండ్ ‘గిట్ పుష్ ఆరిజిన్ లాగిన్:లాగిన్’ అని ఉంటుంది. కోలన్‌కు ఎడమవైపున ఉన్నది మన బ్రాంచ్, కుడివైపున ఉన్నది అవతలి బ్రాంచ్. ఈ జంటను రెఫ్‌స్పెక్ అంటారు. ఎడమవైపు ఖాళీగా వదిలితే అవతలి బ్రాంచ్‌ను తొలగించమని అర్థం. ముందు ప్లస్ గుర్తు పెడితే, అవతలి చరిత్ర పోయినా సరే మార్చమని అర్థం. రెండు వైపులా ఖాళీగా వదిలి కోలన్ ఒక్కటే రాస్తే ఏమవుతుందన్నది ఈ కథలో ముఖ్యమైన భాగం గనుక దానికి కొంచెం తరువాత వద్దాం.

ఈ మూడింటిలో ఏది మనం రాయకపోయినా గిట్ తానే పూరించుకోవాలి. రెఫ్‌స్పెక్ రాయకపోతే ముందుగా ఆ రిమోట్‌కు ప్రత్యేకంగా రాసిపెట్టిన పుష్ నియమం ఉందేమో చూస్తుంది. అదీ లేకపోతే ‘పుష్.డిఫాల్ట్’ అనే సెట్టింగ్‌ను ఆశ్రయిస్తుంది. 2009లో వచ్చిన 1.6.3 వెర్షన్‌తో ఈ సెట్టింగ్ మొదలైంది. అంతకుముందు ఈ విషయంలో ఎంచుకోవడానికంటూ ఏమీ లేదు, గిట్‌కు తెలిసిన పద్ధతి ఒక్కటే.

మ్యాచింగ్: పేరు కలిసిన ప్రతి బ్రాంచ్‌నూ పంపే పద్ధతి

ఆ ఒక్క పద్ధతి పేరు మ్యాచింగ్. మన రిపాజిటరీలోనూ రిమోట్‌లోనూ ఒకే పేరుతో ఉన్న బ్రాంచ్‌లన్నింటినీ ఒకేసారి పంపడం దీని పని. పైన చెప్పిన ఒంటరి కోలన్‌కు అర్థం కూడా ఇదే. ఇందులో మనం ప్రస్తుతం ఏ బ్రాంచ్ మీద ఉన్నామన్న ప్రశ్నే తలెత్తదు. రిమోట్‌లో ఇంకా లేని బ్రాంచ్ మాత్రం వెళ్లదు. దాన్ని మొదటిసారి పేరు పెట్టి పంపవలసిందే.

ఈ రోజు వింటే ఇది దుస్సాహసంలా అనిపించవచ్చు గానీ, గిట్ పుట్టిన పరిస్థితిని చూస్తే ఇందులో తర్కం ఉంది. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ పని కోసం మొదలుపెట్టారు. అక్కడ ఒక్కొక్క మెయింటెయినర్‌కు (ఒక భాగం బాధ్యత చూసేవారికి) సొంత పబ్లిక్ రిపాజిటరీ ఉండేది. అందులోకి రాసేది ఆ వ్యక్తి ఒక్కరే, మిగిలినవారు అక్కడి నుంచి పుల్ చేసుకునేవారు, అంటే కొత్త కమిట్‌లను తమ దగ్గరికి తెచ్చుకునేవారు. అటువంటి రిపాజిటరీ ఒక ప్రచురణ స్థలం. మెయింటెయినర్ తన కంప్యూటర్‌లో మూడు నాలుగు బ్రాంచ్‌లను సరిచూసుకుని, అన్నీ సిద్ధమయ్యాక ఒక్క దెబ్బతో బయటపెడతాడు. ఒక బ్రాంచ్ వెళ్లి మరొకటి వెళ్లకపోవడమే అతనికి ఇబ్బంది.

తరువాత గిట్ ఎక్కువగా వ్యాపించినది మరో రకం చోట్లకు: ఒక కేంద్ర రిపాజిటరీ ఉండి, పదిమంది అందులోకే రాసే బృందాలకు. అక్కడ రిమోట్‌లోని బ్రాంచ్‌లు ఏ ఒక్కరి సొత్తూ కావు. మన చేతిలో ఉన్నవి పాతబడిన నకళ్లు కావచ్చు. మ్యాచింగ్ ఈ తేడాను గమనించదు. పేరు కలిస్తే చాలు, ఆ బ్రాంచ్ మనదేనని అనుకుంటుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం

మీ రిపాజిటరీలో నాలుగు బ్రాంచ్‌లు ఉన్నాయనుకుందాం. ‘మెయిన్’ మీరు పది రోజుల క్రితం పుల్ చేసినది. ఆ తరువాత సహచరులు రిమోట్‌లోని మెయిన్‌కు నాలుగు కమిట్‌లు చేర్చారు. ‘లాగిన్’ మీద మీరు ఇప్పుడు పని చేస్తున్నారు, రెండు కొత్త కమిట్‌లు పంపవలసి ఉంది. ‘రిపోర్ట్’ అనేది కిందటి వారం సగంలో ఆపిన పని. అందులో ఇంకా నడవని కమిట్ ఒకటి ఉంది. ‘ప్రయోగం’ మీ కంప్యూటర్ దాటి ఎన్నడూ వెళ్లలేదు. మొదటి మూడు పేర్లూ రిమోట్‌లో కూడా ఉన్నాయి.

ఇప్పుడు లాగిన్ మీద ఉండి ఒట్టి ‘గిట్ పుష్’ కొట్టారు. మ్యాచింగ్ పద్ధతిలో లాగిన్ అనుకున్నట్టే వెళ్తుంది. రిపోర్ట్‌లోని సగం పని కూడా మీ ప్రమేయం లేకుండానే వెళ్లి అందరి ముందూ పడుతుంది. ప్రయోగం వెళ్లదు. మెయిన్‌ను మాత్రం గిట్ తిరస్కరిస్తుంది. ఎందుకంటే మీ మెయిన్ చూపే కమిట్‌కు మార్చితే సహచరుల నాలుగు కమిట్‌లు ఆ బ్రాంచ్ చరిత్రలో నుంచి తప్పిపోతాయి. కొత్త కమిట్ చరిత్రలో పాత కమిట్ ఇమిడి ఉన్నప్పుడు మాత్రమే జరిగే మార్పును ఫాస్ట్ ఫార్వర్డ్ అంటారు. అది కానిదాన్ని గిట్ మామూలుగా ఒప్పుకోదు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, మామూలు పుష్‌లో ఒక్కొక్క బ్రాంచ్ మార్పు దేనికదే విడిగా జరుగుతుంది. ఒకటి తిరస్కరణకు గురైనంత మాత్రాన మిగిలినవి వెనక్కి రావు. అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే ‘అటామిక్’ ఎంపిక 2015లో 2.4 వెర్షన్‌తో వచ్చింది గానీ, అది కూడా మనం అడిగితేనే. అందువల్ల స్క్రీన్ మీద రెండు బ్రాంచ్‌లు వెళ్లినట్టు, ఒకటి ‘రిజెక్టెడ్’ అన్నట్టు కనబడి, చివర ఎర్రర్ వస్తుంది. లాగిన్ గురించి మాత్రమే ఆలోచిస్తున్న వ్యక్తి ఆ ఎర్రర్ లాగిన్‌దేననుకోవడం చాలా సహజం.

అసలు ప్రమాదం ఆ తరువాతి కమాండ్‌లో ఉంటుంది

పైన చెప్పినంతవరకు జరిగింది చికాకే తప్ప నష్టం కాదు. ఇదే వ్యక్తి మరో రోజు లాగిన్ బ్రాంచ్‌ను రీబేస్ చేశాడనుకోండి, అంటే దాని కమిట్‌లను వేరొక కమిట్ మీద తిరిగి పేర్చాడనుకోండి. రీబేస్ చేస్తే కమిట్‌లు కొత్తగా తయారవుతాయి గనుక ఆ బ్రాంచ్ పుష్ ఫాస్ట్ ఫార్వర్డ్ కాదు. తన ఒక్కడి బ్రాంచ్ కాబట్టి ‘గిట్ పుష్ ఫోర్స్’ కొట్టడం తప్పూ కాదు. కానీ మ్యాచింగ్ అమలులో ఉంటే ఆ ఫోర్స్ లాగిన్‌కు మాత్రమే పరిమితం కాదు, పంపుతున్న ప్రతి బ్రాంచ్‌కూ వర్తిస్తుంది. పది రోజుల నాటి మెయిన్ కూడా బలవంతంగా వెళ్లి, సహచరుల నాలుగు కమిట్‌లు రిమోట్‌లోని మెయిన్ నుంచి మాయమవుతాయి.

అవి శాశ్వతంగా పోయినట్టు కాదు. ఆ కమిట్‌లు చేసినవారి క్లోన్లలో ఉంటాయి, అక్కడి నుంచి మళ్లీ పుష్ చేయవచ్చు. బ్రాంచ్ పేరు ఎప్పుడెప్పుడు ఏ కమిట్‌ను చూపిందో రాసిపెట్టే రెఫ్‌లాగ్ అనే చిట్టా కూడా ఉంది. అయితే వర్కింగ్ ఫైళ్లు లేని బేర్ రిపాజిటరీలలో, అంటే సర్వర్ల మీద సాధారణంగా ఉండే రకంలో, ఆ చిట్టా డిఫాల్ట్‌గా నమోదు కాదు. జరిగిన సంగతి ఎప్పుడు, ఎవరు గమనిస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. గిట్ డాక్యుమెంటేషన్‌లో ఫోర్స్ గురించి చెప్పే చోట మ్యాచింగ్‌ను పేరు పెట్టి హెచ్చరించడం ఈ కారణంగానే.

‘ఫోర్స్ విత్ లీజ్’ అనే మృదువైన ఎంపిక 2013లో 1.8.5 వెర్షన్‌లో వచ్చింది. రిమోట్ బ్రాంచ్ మనం చివరిసారి చూసిన చోటే ఉంటేనే ఇది బలవంతం చేస్తుంది. ఎడిటర్ ఏదైనా తెర వెనుక దానంతటదే ఫెచ్ చేస్తుంటే (రిమోట్‌లోని కొత్త కమిట్‌లను తెస్తుంటే) మాత్రం, మనం కళ్లతో చూడనిది కూడా గిట్ లెక్కలో ‘చూసినది’ అయిపోతుంది. ఆ లోటును పూడ్చడానికి 2020లో 2.30 వెర్షన్‌లో ‘ఫోర్స్ ఇఫ్ ఇన్‌క్లూడ్స్’ అనే మరో కాపలాను జోడించారు.

కరెంట్, అప్‌స్ట్రీమ్, వాటి మధ్య పుట్టిన సింపుల్

అన్ని బ్రాంచ్‌లూ కాకుండా ప్రస్తుత బ్రాంచ్ ఒక్కటే వెళ్లాలని ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలింది: అవతల ఏ పేరుతో పెట్టాలి? దీనికి రెండు సహేతుకమైన జవాబులున్నాయి.

కరెంట్ పద్ధతి పేరునే నమ్ముతుంది. లాగిన్ మీద ఉంటే రిమోట్‌లోని లాగిన్‌కు పంపుతుంది; అక్కడ ఆ పేరు లేకపోతే సృష్టిస్తుంది. అప్‌స్ట్రీమ్ పద్ధతి సంబంధాన్ని నమ్ముతుంది. ప్రతి లోకల్ బ్రాంచ్‌కూ తాను పుల్ చేసుకునే రిమోట్ బ్రాంచ్ ఒకటి నమోదై ఉండవచ్చు. దాన్నే ఆ బ్రాంచ్ అప్‌స్ట్రీమ్ అంటారు. ఎక్కడి నుంచి తెచ్చుకుంటామో అక్కడికే పంపడం ఈ పద్ధతి సూత్రం. పాత రోజుల్లో దీన్ని ట్రాకింగ్ అనేవారు. ఆ పేరు ఇప్పటికీ పనిచేస్తుంది గానీ వాడవద్దంటారు.

రెండింటికీ తేడా ఎక్కడ బయటపడుతుందో చూడండి. రిమోట్‌లోని మెయిన్ ఆధారంగా, అంటే ‘ఆరిజిన్/మెయిన్’ నుంచి, ‘సెర్చ్’ అనే కొత్త బ్రాంచ్ తీశారనుకుందాం. గిట్ తన మామూలు అలవాటు ప్రకారం సెర్చ్‌కు ఆరిజిన్ మెయిన్‌నే అప్‌స్ట్రీమ్‌గా నమోదు చేస్తుంది. సెర్చ్‌లో మూడు కమిట్‌లు చేసి పుష్ కొడితే, కరెంట్ పద్ధతిలో రిమోట్‌లో సెర్చ్ అనే కొత్త బ్రాంచ్ ఏర్పడుతుంది. అప్‌స్ట్రీమ్ పద్ధతిలో ఆ మూడు కమిట్‌లూ నేరుగా మెయిన్‌లోకి వెళ్లిపోతాయి. అది ఫాస్ట్ ఫార్వర్డ్ కూడా కావచ్చు గనుక తిరస్కరణా ఉండదు, హెచ్చరికా ఉండదు. ఒక బృందం కావాలనే అలా పని చేస్తుంటే అంతకన్నా సుఖం లేదు. సమీక్ష కోసం బ్రాంచ్ పంపుతున్నాననుకున్న వ్యక్తికి మాత్రం అది పెద్ద పొరపాటు.

సింపుల్ ఈ రెండింటికీ ఉమ్మడి భాగం. ప్రస్తుత బ్రాంచ్‌ను దాని అప్‌స్ట్రీమ్‌కు పంపుతుంది, ఆ అప్‌స్ట్రీమ్ పేరు కూడా అదే అయితేనే. కరెంట్ చెప్పే జవాబూ అప్‌స్ట్రీమ్ చెప్పే జవాబూ ఒకటే అయినప్పుడు ముందుకు వెళ్తుంది. తేడా వస్తే ఆగిపోయి, మీ ఉద్దేశమేదో స్పష్టంగా చెప్పమంటుంది. పై సెర్చ్ ఉదాహరణలో అది ఏ కమిట్‌నూ పంపకుండా, అప్‌స్ట్రీమ్ పేరు బ్రాంచ్ పేరుతో కలవడం లేదని చెప్పి, రెండు దారులకూ రాయవలసిన కమాండ్లను చూపిస్తుంది. నా దృష్టిలో ఇది తెలివైన పరిష్కారం. రెండు పక్షాల్లో ఏది సరైనదో తేల్చకుండా, అవి ఏకీభవించే చోటు వరకే డిఫాల్ట్‌ను పరిమితం చేసింది.

వీటితోపాటు ‘నథింగ్’ అనే విలువ కూడా ఉంది. రెఫ్‌స్పెక్ రాయనిదే ఏదీ పంపదు. ప్రతిసారీ పేరు రాయడానికి విసుగు లేనివారికి అది సరిపోతుంది.

రెండేళ్లు పట్టిన మార్పు

సింపుల్ 2012లో 1.7.11 వెర్షన్‌లో వచ్చింది. అయినా వెంటనే డిఫాల్ట్ కాలేదు. మ్యాచింగ్ మీద ఆధారపడిన స్క్రిప్టులు ఎన్నో నడుస్తున్నప్పుడు, ఒక రోజు హఠాత్తుగా మూడు బ్రాంచ్‌లకు బదులు ఒకటే వెళ్లడం మొదలైతే ఎర్రర్ కూడా రాదు. మిగిలిన రెండూ వెళ్లలేదని ఎవరికో ఎప్పుడో తెలుస్తుంది. నిశ్శబ్దంగా మారే డిఫాల్ట్ కన్నా ప్రమాదకరమైన మార్పు లేదన్నది అప్పటి వాదనల్లో బలమైనది. అందుకని 1.8 శ్రేణిలో, పుష్.డిఫాల్ట్ పెట్టుకోనివారికి ఒట్టి పుష్ కొట్టినప్పుడు పొడవాటి హెచ్చరిక కనిపించేది: ఈ సెట్టింగ్ ఖాళీగా ఉంది, 2.0లో దీని అర్థం మ్యాచింగ్ నుంచి సింపుల్‌కు మారబోతోంది అని. 2014 మే 28న 2.0 విడుదలతో మార్పు అమలులోకి వచ్చింది.

వ్యతిరేకించినవారి మాటలోనూ పస ఉంది. సొంత రిపాజిటరీకి తామొక్కరే రాసేవారికి మ్యాచింగ్ వల్ల ఏ హానీ లేదు. ఎదుటివారి పని విధానం వేరైనందుకు తమ అలవాటును మార్చడం అన్యాయమన్నారు. దానికి ఎదురు వాదన ఏమిటంటే, తేడా తెలిసినవారు ఒక వరుస రాసుకుని పాత పద్ధతికి వెళ్లగలరు, తేడా తెలియనివారే డిఫాల్ట్ మీద ఆధారపడతారు. కాబట్టి డిఫాల్ట్ రెండో రకంవారిని దృష్టిలో పెట్టుకోవాలి. నాకు ఈ రెండో మాటే బరువైనదిగా కనబడుతుంది.

పుల్ ఒకచోట నుంచి, పుష్ మరొకచోటికి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చాలామంది మూల రిపాజిటరీ నుంచి పుల్ చేసుకుని, తమ ఫోర్క్‌కు, అంటే సర్వర్ మీద తమకుండే సొంత నకలుకు, పుష్ చేస్తారు. దీన్ని త్రికోణ పద్ధతి అంటారు. ఇక్కడ ‘తెచ్చుకున్న చోటికే పంపు’ అనే సూత్రం కుదరదు. అప్‌స్ట్రీమ్ విలువ పెట్టుకుంటే గిట్ ఆ పుష్‌ను నిరాకరిస్తుంది. సింపుల్ మాత్రం ఇటువంటి సందర్భంలో కరెంట్‌లాగా ప్రవర్తించి, అదే పేరుతో ఫోర్క్‌కు పంపుతుంది. పుల్ చేసుకునే రిమోట్ ఒకటి, పుష్ చేసే రిమోట్ వేరొకటి అని ముందే చెప్పిపెట్టే ‘రిమోట్.పుష్‌డిఫాల్ట్’ అనే సెట్టింగ్ 2013లో 1.8.3తో వచ్చింది. పేరు దగ్గరగా ఉన్నందువల్ల దీన్నీ పుష్.డిఫాల్ట్‌నూ కలగలపడం మామూలే. మొదటిది ఎక్కడికి అన్నదానికి జవాబు, రెండోది ఏది అన్నదానికి.

కొత్త బ్రాంచ్ దగ్గర ఇంకా తెగని వాదం

సింపుల్ మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మరొకటి ఉంది. లోకల్ మెయిన్ నుంచి కొత్త బ్రాంచ్ తీసి మొదటిసారి పుష్ కొడితే, ప్రస్తుత బ్రాంచ్‌కు అప్‌స్ట్రీమ్ లేదన్న ఎర్రర్ వస్తుంది. రాయవలసిన కమాండ్, అంటే ‘గిట్ పుష్ సెట్ అప్‌స్ట్రీమ్ ఆరిజిన్’ తరువాత బ్రాంచ్ పేరు, ఆ ఎర్రర్‌లోనే అచ్చువేసి ఉంటుంది. ఏం రాయాలో అంత బాగా తెలిసినప్పుడు తానే ఎందుకు చేయదని విసుక్కోని వాడుకరి అరుదు.

ఆపడాన్ని సమర్థించేవారు చెప్పేది ఇది: ఉన్న బ్రాంచ్‌కు కమిట్‌లు చేర్చడం ఒకటి, ఇంతవరకు లేని పేరును అందరూ చూసే చోట సృష్టించడం మరొకటి. అక్షరదోషం ఉన్న పేరు, సొంతానికి చేసుకున్న ప్రయోగం పొరపాటున బయటికి పోవచ్చు. ఎదుటివారు చెప్పేది: బ్రాంచ్ తీసి, పంపి, సమీక్షకు పెట్టి, కలిపి, తొలగించడం రోజుకు నాలుగైదుసార్లు జరిగే చోట ఈ అడ్డంకి ఎవరినీ ఆలోచింపజేయదు, ఎర్రర్‌లోని వరుసను కాపీ చేసి అతికించే అలవాటుగా మాత్రమే మిగులుతుంది. చదవకుండా దాటేసే హెచ్చరిక కాపలా కాదన్న ఈ మాట కొట్టిపారేయదగినది కాదు. 2022 జూన్‌లో వచ్చిన 2.37 వెర్షన్ మధ్యేమార్గం తీసుకుంది: ‘పుష్.ఆటోసెటప్‌రిమోట్’ అనే సెట్టింగ్‌ను నిజం అని పెట్టుకున్నవారికి మొదటి పుష్‌లోనే అదే పేరుతో బ్రాంచ్ ఏర్పడి, అప్‌స్ట్రీమ్ కూడా నమోదవుతుంది. పెట్టుకోనివారికి పాత ఎర్రరే వస్తుంది. అదే వెర్షన్‌లో, పేర్లు కలిసినప్పుడే అప్‌స్ట్రీమ్‌ను నమోదు చేసే మరో ఎంపికనూ ఇచ్చారు. దానితో సెర్చ్ వంటి బ్రాంచ్‌కు మెయిన్ అప్‌స్ట్రీమ్‌గా అంటుకోవడం తప్పుతుంది.

ఇతర వ్యవస్థలు ఇదే ప్రశ్నకు ఏం చెబుతాయి

సబ్‌వర్షన్‌లో ఈ ప్రశ్న పుట్టదు. కమిట్ చేయడమే సర్వర్‌కు పంపడం. గిట్ పుట్టిన కాలంలోనే పుట్టిన మెర్క్యురియల్ మాత్రం ఇంచుమించు వ్యతిరేక దిశలో వెళ్లింది. అక్కడ ఒట్టి పుష్ రిమోట్‌లో లేని కమిట్‌లన్నింటినీ పంపుతుంది, మనం ఏ బ్రాంచ్ మీద ఉన్నా సరే. దానికి కాపలా వేరేచోట ఉంది: ఆ పుష్ వల్ల రిమోట్‌లో కొత్త బ్రాంచ్ గానీ, ఉన్న బ్రాంచ్‌కు అదనపు కొస గానీ ఏర్పడేటట్టయితే అది ఆగిపోయి అనుమతి అడుగుతుంది. 2012లో 2.1తో వచ్చిన ఫేజ్‌ల ఏర్పాటులో ఒక కమిట్‌ను ‘సీక్రెట్’ అని గుర్తిస్తే అది పుష్‌లో కదలదు. పంపేటప్పుడు ఎంచుకోవడం గిట్ పద్ధతి; పంపకూడనిదాన్ని ముందే గుర్తుపెట్టుకోవడం మెర్క్యురియల్ పద్ధతి.

సెట్టింగ్ ఉండేది ఎవరి దగ్గర?

పుష్.డిఫాల్ట్ రిపాజిటరీతో పాటు ప్రయాణించదు. అది ఒక్కొక్కరి కంప్యూటర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో ఉంటుంది. క్లోన్ చేసినప్పుడు రాదు, బృందంలో ఒకరు మార్చుకుంటే మరొకరికి మారదు. బృందమంతటికీ వర్తించే నియమం కావాలంటే అది సర్వర్ వైపే ఉండాలి: ఫాస్ట్ ఫార్వర్డ్ కాని మార్పులను ఫోర్స్ చేసినా ఒప్పుకోవద్దనే సెట్టింగ్ గిట్‌లోనే ఉంది, హోస్టింగ్ సేవలు ఫలానా బ్రాంచ్‌కు రక్షణ పెట్టే వీలు కల్పిస్తాయి. అటువంటి చోట పాత మెయిన్‌ను ఎవరు ఎలా తోసినా తలుపు తెరుచుకోదు.

1.8 నాటి ఆ హెచ్చరికకు ఈ సంగతితో ఒక సంబంధం ఉంది. అది కనబడకుండా ఉండాలంటే ఏం చేయాలో అందులోనే రెండు వరుసలు చూపేవారు: పాత ప్రవర్తనే కావాలంటే మ్యాచింగ్ అని, కొత్తది ఇప్పుడే కావాలంటే సింపుల్ అని. మొదటి వరుసను కాపీ చేసినవారి కాన్ఫిగ్‌లో మ్యాచింగ్ అన్నది స్పష్టంగా రాసి ఉండిపోయింది. 2.0 మార్చినది సెట్టింగ్ ఖాళీగా ఉన్నప్పటి అర్థాన్ని మాత్రమే. అందువల్ల ఆ ఫైలును కంప్యూటర్ మారినప్పుడల్లా వెంట తెచ్చుకుంటున్నవారికి, గిట్ ఎంత కొత్త వెర్షన్ అయినా, ఒట్టి పుష్ ఈ రోజుకూ పేరు కలిసిన బ్రాంచ్‌లన్నింటినీ పంపుతూనే ఉంటుంది.